పాలు మానిన పందిపిల్ల కడుపు

మా రాత్రి బడికి వచ్చే ఒక అత్త పందులు పెంచుతుంది. పోయిన చలికాలంలో ఆమె పంది తొమ్మిది పిల్లల్ని ఈనింది. తల్లి పాలు తాగినన్నాళ్ళు పిల్లలు బాగున్నాయి. గంట గంటకూ తల్లి పొదుగు దగ్గర చేరేవి. గుండ్రంగా, నున్నగా ఉండేవి. పాలు మాన్పించిన వారం లోపలే పారుడు పట్టుకుంది. నీళ్ళలాగా పారాయి. తోకలు తడిసిపోయి, కళ్ళు గుంటలు పడి, మూడు పిల్లలు చచ్చిపోయాయి.

మూడు పిల్లలంటే తక్కువా? అవి పెరిగి అమ్ముడుపోతే ఇంటికి రేకులు వేయించుకుందామని ఆమె లెక్క వేసుకుంది.

"పంతులమ్మా, దుకాణంలో ఈ పొడి ఇచ్చారు. తల్లి పాలు తాగేటప్పటి నుంచీ రోజూ కుడితిలో కలుపుతున్నా. అయినా చచ్చిపోయాయి. దీని మీద ఏం రాసుందో చూడు" అని ప్యాకెట్ నా చేతిలో పెట్టింది.

ప్యాకెట్ మీద అంతా ఇంగ్లీషే. పందులు పెంచేవాళ్ళకు తెలిసిన భాషలో రాస్తే ఏం పోయిందో! నేను ఆ మాటను పలక మీద తెలుగులో రాశాను. అత్త కూడబలుక్కుని చదివింది. "యాం... టీ... బ... యా... టిక్."

"అంటే ఏంటి?" అంది.

ఆ ప్యాకెట్ తీసుకుని ఇద్దరం పశువుల డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాం. అక్కడ తెలుసుకున్నదే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

కడుపులో తోడు

అక్కలారా, రాత్రి పాలలో కొంచెం తోడు వేస్తాం. తెల్లారేసరికి పెరుగవుతుంది. ఆ తోడులో ఏముంది? కంటికి కనిపించని క్రిములున్నాయి. అవి పాలలోని తీపిని తిని పులుపు చేస్తాయి. క్రిములన్నీ చెడ్డవి కావు. ఇవి మంచివి.

పందిపిల్ల కడుపులోనూ ఇలాంటి మంచి క్రిములుంటాయి. అవి తల్లి పాలలోని తీపిని తిని కడుపులో పులుపు పుట్టిస్తాయి. ఆ పులుపులో చెడ్డ క్రిములు బాగా పెరగలేవు. పైగా పేగు గోడ నిండా మంచి క్రిములు కూర్చుని ఉంటే చెడ్డవాటికి చోటు దొరకదు. బస్సు సీటు మీద ముందే తువ్వాలు వేసి ఉంచినట్టన్న మాట.

తల్లి పాలలో ఇంకో బలం కూడా ఉంది. రోగాన్ని అడ్డుకునే శక్తి పాలతో పాటే పిల్ల కడుపులోకి పోతుంది.

పాలు మాన్పించిన రోజున ఇవన్నీ ఒక్కసారే పోతాయి. తల్లి లేదు. పాలు లేవు. కొత్త తిండి, ఒక్కోసారి కొత్త దొడ్డి. బెంగతో పిల్ల మొదటి రోజు తిండి ముట్టదు. తిండి పడకపోతే పేగు లోపలి పొర పలచబడుతుంది. రెండో రోజు ఆకలికి ఒక్కసారే మెక్కేస్తుంది. పాలకు అలవాటు పడిన కడుపు నూకలను, తవుడును, చెక్కను బాగా అరిగించుకోలేదు. అరగని తిండి పేగులోకి దిగుతుంది. చెడ్డ క్రిములకు అదే విందు. వాటిలో ఇ.కోలి అనేది ముఖ్యమైనది. అది పేగుకు అంటుకుని విషం వదులుతుంది. ఒంట్లో నీరంతా పేగులోకి వచ్చి బయటికి పోతుంది. పిల్లను చంపేది ముఖ్యంగా ఆ నీరు పోవడమే.

మందు ఏం చేస్తుంది?

యాంటీబయాటిక్ క్రిములను చంపే మందు. జబ్బు చేసినప్పుడు డాక్టరు చెప్పినన్ని రోజులు వాడితే ప్రాణం నిలబెడుతుంది. అది చెడ్డ మందు కాదు. జబ్బు లేకపోయినా రోజూ చిటికెడు వేయడమే తప్పు.

ఎందుకంటే అది మంచి క్రిములను కూడా చంపుతుంది. చెడ్డవాటిలో కొన్ని మాత్రం తట్టుకుని బతుకుతాయి. చోటంతా వాటిదే అవుతుంది. వాటి పిల్లలూ అలాంటివే. ఇక ఆ మందు పోసినా పని చేయదు. అత్త రోజూ పొడి వేసినా పారుడు ఆగకపోవడానికి ఇదే కారణం కావచ్చు అన్నారు డాక్టరు గారు.

ఈ మొండి క్రిములు దొడ్డిలోనే ఉండిపోవు. పెంట ఎత్తే చేతికి అంటుతాయి. నీళ్ళలో కలుస్తాయి. కొలిస్టిన్ అనే మందు ఉంది. ఏ మందూ పని చేయనప్పుడు మనుషులకు చివరగా ఇచ్చే మందుల్లో అదొకటి. దాన్ని తట్టుకునే గుణం ఒక క్రిమి నుంచి ఇంకో క్రిమికి సులువుగా అంటుకుంటోందని 2015లో చైనాలో బయటపడింది. పందుల్లోనూ, ఆసుపత్రిలో ఉన్న మనుషుల్లోనూ అది కనిపించింది. మన దేశంలో 2019లో తిండికి పెంచే జంతువులకు కొలిస్టిన్ వాడకూడదని ప్రభుత్వం నిషేధించింది. "అయితే నా మనవడికి జ్వరం వస్తే మందు పని చేయదా?" అని అత్త అడిగింది. అలాంటి రోజు రాకూడదనే ఈ జాగ్రత్త.

పెరగడం కోసం దాణాలో యాంటీబయాటిక్ కలపడం స్వీడన్ దేశం 1986లోనే మానేసింది. డెన్మార్క్‌లో పాలు మానిన పిల్లలకు కూడా 1999 చివరికి ఆపేశారు. యూరప్ దేశాల కూటమి అంతా 2006లో నిషేధించింది. మానేసిన కొత్తలో డెన్మార్క్‌లో పిల్లలకు పారుడు ఎక్కువైంది. అక్కడివాళ్ళు పెంపకం పద్ధతులు మార్చుకుని నెట్టుకొచ్చారు. మందు ఒక్కటే మానేసి మిగతాదంతా పాత పద్ధతిలోనే చేస్తే కుదరదు.

ప్రోబయోటిక్ అంటే

మంచి క్రిములను బతికి ఉండగానే తిండిలో కలిపి పెట్టడమే ప్రోబయోటిక్. పెరుగులో ఉండే జాతివి కొన్ని, ఈస్ట్ కొన్ని, ఎండినా చావకుండా గింజలా నిద్రపోయే బాసిల్లస్ అనే రకం కొన్ని. ప్యాకెట్లలో అమ్ముతారు.

ఇది మంత్రం కాదు. కొన్ని చోట్ల బాగా పని చేసింది, కొన్ని చోట్ల తేడా కనిపించలేదు. ఏ క్రిమి, ఎంత, ఎప్పటి నుంచి అన్నదాన్ని బట్టి ఉంటుంది. పాలు మాన్పించడానికి ముందు నుంచే మొదలుపెడితే మేలు. పారుడు ముదిరాక పెడితే లాభం తక్కువ.

"ఇంటి పెరుగు పెడితే చాలదా?" అని అత్త అడిగింది. పెట్టవచ్చు. పులిసిన మజ్జిగ కొంచెం కుడితిలో కలిపితే పులుపు వస్తుంది, పిల్లలు ఇష్టంగా తాగుతాయి. కానీ పెరుగులోని క్రిములూ ప్యాకెట్‌లోని క్రిములూ ఒకటే కావు. అంతే పని చేస్తుందని చెప్పలేం.

ఒక్క సంగతి మాత్రం మీకు నేను చెప్పక్కర్లేదు. కాగే పాలలో తోడు వేస్తామా? వేయం. క్రిములు చస్తాయి. హోటలు ఎంగిలి కలిపిన కుడితిని ఎటూ బాగా మరిగించాలి, లేకపోతే పందులకు వేరే రోగాలు వస్తాయి. అది గోరువెచ్చగా చల్లారాకే ప్రోబయోటిక్ కలపాలి. యాంటీబయాటిక్ ఇస్తున్న రోజుల్లో డాక్టరును అడక్కుండా పెట్టకండి. ఆ మందు పెరుగు జాతి క్రిములను కూడా చంపేయవచ్చు.

అత్త ఈసారి ఏం చేసింది?

పిల్లలు తల్లి దగ్గర ఉండగానే, రెండు వారాల వయసు నుంచి మెత్తటి దాణా కొంచెం కొంచెం రుచి చూపించింది. ఎనిమిది వారాలు పాలు తాగనిచ్చింది. మాన్పించేటప్పుడు పిల్లల్ని కదపలేదు, తల్లినే వేరే దొడ్డికి తోలింది. రెండుసార్లు నిండుగా పెట్టే దాణాను ఐదుసార్లుగా పెట్టింది. పొడి గడ్డి పరిచింది. తాగే నీళ్ళ తొట్టి రోజూ కడిగింది. పాలు మాన్పించే వారం ముందు నుంచి డాక్టరు గారు చెప్పిన ప్రోబయోటిక్ కలిపింది.

ఎనిమిది పిల్లల్లో రెండింటికి పారుడు వచ్చింది. వాటిని విడిగా ఉంచి ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు తాగించింది. ఒకటి తేరుకుంది. రెండోది మర్నాటికి లేవలేకపోయింది. వెంటనే పశువుల ఆసుపత్రికి ఎత్తుకెళ్ళింది. డాక్టరు గారు యాంటీబయాటిక్ సూది వేశారు. ఎన్ని రోజులు వేయించాలో, మందు ఆపాక ఎన్నాళ్ళ దాకా మాంసానికి అమ్మకూడదో కాగితం మీద రాసిచ్చారు. అత్త ఆ కాగితం తనే చదువుకుంది. ఎనిమిదీ బతికాయి.

మీ ఇంట్లో పందులకో, కోళ్ళకో, గేదెలకో వేసే పొడి ఏదైనా ఉంటే రేపు బడికి ప్యాకెట్ తీసుకురండి. ఖాళీదైనా సరే. దాని పేరు, గడువు తేదీ పలక మీద రాసుకుని చదువుదాం.