పంపకములో సమాధానము

చదువవలసిన భాగము: అపొస్తలుల కార్యములు 6:1–7

యెరూషలేము సంఘములో పుట్టిన ఈ తగవు సిద్ధాంతమును గూర్చినది కాదు, అన్నమును గూర్చినది. అనుదిన పంపకములో తమ విధవరాండ్రకు సరిగా అందుటలేదని గ్రీకుభాష మాటలాడువారు సణిగిరి. అపొస్తలులు వారిని గద్దింపలేదు, ఓర్చుకొనుడని ప్రసంగింపనులేదు. అందరిని పిలిచి, ఏడుగురిని ఏర్పరచుకొనుడని చెప్పిరి. ఆ ఏడుగురి పేర్లు చూడుడి, అన్నియు గ్రీకు పేర్లే. అనగా సణిగినవారి చేతికే గరిటె యిచ్చిరన్నమాట. వడ్డించువాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నను కొదువలేదని మన పెద్దల సామెత గదా!

ఈ భాగము చదివినప్పుడెల్ల ఉత్తర ఐర్లాండు మాకు జ్ఞాపకము వచ్చును. అక్కడ కలహించినవారు ఇరువురును క్రైస్తవులే. 1921లో ఐర్లాండు రెండుగా విడిపోగా ఉత్తరభాగము బ్రిటనుతో నిలిచెను. బ్రిటనుతో ఉండగోరినవారిలో ఎక్కువమంది ప్రొటెస్టంటులు. ఐర్లాండుతో ఏకము కాగోరినవారిలో ఎక్కువమంది రోమను కథోలికులు. కాబట్టి వారి తగవు ఆరాధనను గూర్చినది మాత్రమే కాదు. దేశమేది, ఓటెవరిది, ఇల్లెవరికి అనునవి దాని వేళ్లు.

1968 జూనులో కేలెడన్ అను గ్రామమున జరిగినది వినుడి. సర్కారు ఇండ్లు పంచు అధికారము స్థానిక కౌన్సిలుది. బిడ్డలుగల కథోలిక కుటుంబములు ఇంటికొరకు కనిపెట్టుకొనియుండగా, పెండ్లికాని 19 ఏండ్ల ప్రొటెస్టంటు యువతికి ఒక ఇల్లు దొరికెను. ఆస్టిన్ కరీ అను శాసనసభ్యుడు ఆ పంపకమునకు నిరసనగా ఆ యింటిలో దూరి కూర్చుండెను, పోలీసులు వెళ్లగొట్టిరి. ఆ దినములలో స్థానిక ఎన్నికలలో ఇల్లుగలవారికే గాని ఇతరుల యింట తలదాచుకొనువారికి ఓటు లేదు. గనుక ఇల్లిచ్చుట యనగా ఓటిచ్చుటయే.

ఆ సణుగును పాలకులు వినలేదు. అక్టోబరు 5న డెర్రీ పట్టణములో ఊరేగింపువారిని పోలీసులు లాఠీలతో కొట్టిరి. పిమ్మట తుపాకులు వచ్చెను. 1972 జనవరి 30న అదే డెర్రీలో సైనికులు కాల్చగా 13 మంది ఆ దినముననే చనిపోయిరి, గాయపడిన మరియొకడు తరువాత మరణించెను. 1987 నవంబరు 8న ఎన్నిస్కిల్లెన్‌లో యుద్ధమృతులను స్మరించుటకు కూడినవారిలో 11 మందిని ఐ.ఆర్.ఏ. బాంబు చంపెను. ప్రొటెస్టంటు సాయుధ గుంపులును కథోలికులను వెదకి చంపిరి. సుమారు 30 ఏండ్లలో 3,500 మందికి పైగా ప్రాణములు పోయెను.

ఇండ్ల పంపకమును కౌన్సిళ్ల చేతినుండి తీసి, అవసరతను బట్టి యిచ్చునట్లు వేరొక సంస్థకు అప్పగించుట 1971లో ప్రారంభమాయెను. అప్పటికే నెత్తురు చిందియుండెను. గరిటె మూడేండ్ల ముందు చేతులు మారినయెడల ఎందరు బ్రదికియుందురో ఎవరు చెప్పగలరు? మన పల్లె సంఘములలోను క్రిస్మసు బట్టల పంపకమును, సంఘపెద్దల కుర్చీలను గూర్చిన సణుగులున్నవి. ఏ పేటవారిది ఏ సణుగో చదువరులకు మేము చెప్పనక్కరలేదు.

1998 ఏప్రిల్ 10, మంచి శుక్రవారమున ఒడంబడిక కుదిరెను. ఏ పక్షమును ఒంటరిగా ఏలకూడదు. పరిపాలనకు శిరస్సుగా ఇరుపక్షములనుండి ఒక్కొక్కరు సమానాధికారముతో ఉండవలెను. ఒకరు దిగిన రెండవవారును దిగవలెను. ప్రజలు కోరినగాని దేశము మారదు. వీటితోకూడ చెరలోనున్న సాయుధులను ముందుగా విడువవలెననియు ఒప్పుకొనిరి. తన కుమారుని చంపినవాడు వీధిలో నడచుట చూడవలసిన తల్లికి ఇది ఎంత మ్రింగుడుపడని మాట! అయినను మే 22న అక్కడ ఓటు వేసినవారిలో నూటికి 71 మంది ఔననిరి. ఆగస్టు 15న ఓమా పట్టణములో ఒడంబడికను ఒల్లని గుంపువారి బాంబు 29 మందిని చంపినను ఆ మాట తప్పిపోలేదు.

2005లో ఐ.ఆర్.ఏ. తన ఆయుధములను పనికిరాకుండ చేసినప్పుడు సాక్షులుగా నిలిచినవారిలో ఇద్దరు దైవసేవకులు: మెథడిస్టు పాదిరి హెరాల్డ్ గుడ్, కథోలిక గురువు అలెక్ రీడ్. ఒక్కరి మాటను రెండవపక్షము నమ్మదు గనుక ఇద్దరు కావలసివచ్చెను. 2007 మే 8న, కథోలికులతో అధికారము పంచుకొనుట కూడదని దశాబ్దములు ప్రసంగించిన పాదిరి ఇయాన్ పెయిస్లీయు, ఐ.ఆర్.ఏ.లో నాయకుడైయుండిన మార్టిన్ మెక్‌గిన్నెస్సును ఒకే ప్రభుత్వమునకు శిరస్సులైరి. ఆ వృద్ధ పాదిరి సొంత సంఘస్థులలో కొందరు ఇందునుబట్టి నొచ్చుకొనిరి.

బెల్‌ఫాస్టులో రెండు పేటల నడుమ కట్టిన గోడలు నేటికిని కొన్ని నిలిచియున్నవి. కొన్ని ద్వారములు రాత్రి మూయుదురు. 1981లో లేగన్ కాలేజీ అను బడి 28 మంది పిల్లలతో, ఇరువైపుల బిడ్డలను ఒకే గదిలో కూర్చుండబెట్టెను. అట్టి బడులు పెరిగినవి గాని, ఎక్కువమంది బిడ్డలు ఇప్పటికిని వేర్వేరు బడులకే పోవుచున్నారు.