విశ్వవిద్యాలయ క్రీడలు: ఏ పోటీ ఏ స్థాయి?

తొలి మెట్టు అంతర్ కళాశాలల పోటీలు. వీటిలో రాణించినవారితోనే యూనివర్సిటీ జట్టు కడతారు. ఆపైన భారత విశ్వవిద్యాలయాల సంఘం (ఏఐయూ) పర్యవేక్షణలో అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు. జట్టు క్రీడల్లో సాధారణంగా ముందు జోన్ స్థాయి, తర్వాత అఖిల భారత స్థాయి. జాతీయ స్థాయిలోనే జరిగే ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్ 2020లో భువనేశ్వర్‌లో మొదలయ్యాయి.

శిఖరం ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడలు. నిర్వహణ అంతర్జాతీయ విశ్వవిద్యాలయ క్రీడల సమాఖ్య (ఎఫ్‌ఐఎస్‌యూ)ది. తొలి వేసవి క్రీడలు 1959లో ఇటలీలోని ట్యూరిన్‌లో జరిగాయి. చాలామంది తడబడేది చైనాలోని చెంగ్డూ క్రీడల దగ్గరే: 2021లో జరగాల్సిన ఆ క్రీడలు కొవిడ్ వల్ల వాయిదాపడి 2023లో జరిగాయి. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి అక్కడే 100 మీటర్ల హర్డిల్స్‌ను 12.78 సెకన్లలో ముగించి కాంస్యం గెలిచింది. ఎంత గొప్ప పరుగు అది! ఏడాది, వేదిక, పతకం మూడూ కలిపి గుర్తుంచుకోండి.