వెదకి వ్రాసిన జవాబు

చదువవలసిన భాగములు: న్యాయాధిపతులు 14:5-20, దానియేలు 2:14-30, 2 తిమోతి 2:5



ఈ దినములలో మన పల్లెలలో సహితము చేతి ఫోనులమీద ప్రశ్నోత్తరముల ఆట బాగుగా వ్యాపించియున్నది. 2020వ సంవత్సరమున కరోనా వ్యాధివలన ఆలయముల తలుపులు మూయబడినప్పుడు అనేక సంఘములవారు వాట్సాప్ గుంపులలో బైబిలు క్విజ్ పెట్టనారంభించిరి. తలుపులు తెరువబడిన తరువాతను ఆ అలవాటు నిలిచెను. లోకజ్ఞానమునకు సంబంధించిన క్విజ్‌లు అంతకంటె ఎక్కువగా ఉన్నవి. ఇది చెడ్డ ఆట కాదు. పేకముక్కలకంటె వేయి రెట్లు మేలు. అయితే మన యౌవనస్థులు నన్ను ఒక మాట అడుగుచున్నారు: “ప్రశ్న వచ్చినప్పుడు గూగుల్‌లో చూచి జవాబు వ్రాసినయెడల తప్పేమి? ఎవరి సొమ్ము దొంగిలితిమి?” ఈ ప్రశ్నను కసరి త్రోసివేయకూడదు. నిదానముగా విచారింతము.

మొదట ఒక సంగతి ఒప్పుకొందము. వెదకుట పాపము కాదు. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయములో బెరయలోని వారు పౌలు చెప్పిన సంగతులు నిజమో కాదో అని ప్రతిదినము లేఖనములను పరిశోధించి చూచినందుకు మెప్పు పొందిరి. తెలియనిదానిని పుస్తకములో గాని ఫోనులో గాని చూచి నేర్చుకొను పిల్లవానిని మనము కొట్టము, మెచ్చుకొందుము. మరి ఆటలో చూచుట ఎందుకు తప్పు? చూచుటవలన కాదు, చూడమని ఒప్పుకొని చూచుటవలన.

దీనికి టెలివిజన్‌లో మనమందరము చూచిన ఆటయే సాక్ష్యము. 2014లో మా టీవీలో నాగార్జున గారు నడిపిన “మీలో ఎవరు కోటీశ్వరుడు” అను ఆటలో, జవాబు తెలియనివాడు ఒక స్నేహితునికి ఫోను చేసి అడుగవచ్చును. అందరి యెదుటనే అడుగును. దానిని ఎవరును దొంగతనము అనరు, ఏలయనగా నియమము సెలవిచ్చుచున్నది. ఈ ఆటకు మూలమైన ఆట ఇంగ్లాండులో 1998లో పుట్టినది. 2001లో చార్లెస్ ఇంగ్రామ్ అను సైనికాధికారి అందులో పది లక్షల పౌండ్ల ప్రశ్నవరకు సరిగా చెప్పెను. అయితే సరియైన జవాబు పలుకబడినప్పుడు అక్కడ కూర్చున్న మరియొక పోటీదారుడు దగ్గి సైగ చేసెనని ఆటవారు ఆ సొమ్ము ఇయ్యలేదు. అతడును అతని భార్యయు దగ్గినవాడును తాము నిర్దోషులమని చెప్పుకొనిరి గాని, 2003లో న్యాయస్థానము ముగ్గురిని దోషులుగా తీర్చెను. చూడుడి, ఒకే ఆటలో స్నేహితుని ఫోను న్యాయమాయెను, చాటున వచ్చిన దగ్గు నేరమాయెను. సహాయము రెంటిలోను ఉన్నది. ఒకటి అందరికిని తెలిసినది, మరియొకటి దాచబడినది.

బైబిలులో కూడ ఒక పందెపు ప్రశ్న ఉన్నది. తిమ్నాతులో తన వివాహపు విందులో సంసోను ముప్పదిమందికి ఒక విప్పుడు కథ వేసెను. గడువు ఏడు దినములు. పందెము ముప్పది నారబట్టలు, ముప్పది దుస్తులు. నిజము చెప్పవలెనంటే ఆ ప్రశ్నయు సరసమైనది కాదు. సింహపు కళేబరములో తేనె దొరికిన సంగతి అతడు కన్నవారికే చెప్పలేదు; అట్టిదానిమీద పొడుపు కథ వేసి పందెము కాచుట ఏమి న్యాయము? అయినను ఆ ముప్పదిమంది పందెమునకు ఒప్పుకొనిరి. “మాకు తెలియలేదు” అని ఓటమి ఒప్పుకొనుట వారికి సాధ్యమే, ఒక్కొక్కనికి నష్టము ఒక నారబట్ట, ఒక దుస్తు. అట్లు చేయక, నిన్నును నీ తండ్రి ఇంటివారిని కాల్చివేసెదమని పెండ్లికుమార్తెను బెదిరించి, ఆమె ద్వారా జవాబు లాగిరి. ఏడవ దినమున సూర్యుడు అస్తమింపకమునుపు వారు చెప్పిన జవాబులో తప్పు లేదు. కాని తన ఇంటి పశువును కట్టి దున్నినారని సంసోను వెంటనే గ్రహించెను. ఆ పందెపు బట్టలకొరకు అష్కెలోనులో ముప్పదిమంది చచ్చిరి. ఆ కాపురము నిలువలేదు. 15వ అధ్యాయములో ఫిలిష్తీయులు ఆమెను ఆమె తండ్రిని అగ్నితో కాల్చిరి. ఏ నిప్పునకు భయపడి ఆమె జవాబు చెప్పెనో ఆ నిప్పే వచ్చెను. ఫోనులో చూచి వ్రాసినవానికి ఇంత కీడు కలుగునని నేను చెప్పుటలేదు. మాట ఇచ్చి ఆడిన ఆటలో సరియైన జవాబు ఒక్కటే చాలదని మాత్రము చెప్పుచున్నాను.

ఇక “ఎవరి సొమ్ము?” అను ప్రశ్నకు వత్తము. ఒక ఊరిలో జరిగినది వ్రాయుచున్నాను. ఊరి పేరు అక్కరలేదు. లూకా సువార్తమీద ఇరువది ప్రశ్నల క్విజ్ ఫోనులో పెట్టిరి. గ్రంథము తెరువకూడదు, ఫోనులో వెదకకూడదు అని పైననే వ్రాయబడెను. తొమ్మిదిమందికి ఇరువదికి ఇరువది వచ్చెను. పదవ తరగతి చదువుచున్న ఒక చిన్నది నెల దినములు లూకా సువార్తను రెండు పర్యాయములు చదివి, చూడక వ్రాసి, పదునేడు తెచ్చుకొనెను. బహుమానము ఆమెకు రాలేదు. కూలిపనికి పోయి వచ్చిన తల్లి, “అందరూ చూసే రాశారంట గదే, నువ్వెందుకు చూడలేదే పిచ్చిదానా?” అని గద్దించెను. ఆ పిల్ల నాయొద్దకు వచ్చి, “అయ్యగారూ, వచ్చేసారి నేను కూడా చూసి రాయనా?” అని అడిగెను.

తప్పిపోయిన మూడు ఏవి అని నేను అడిగితిని. ప్రవక్త్రియైన అన్న ఏ గోత్రము, యోహన్న భర్త పేరేమి, యేసు ముందుగా పంపినవారు పండ్రెండుగురు కాక మరి ఎంతమంది అని చెప్పి, “ఆషేరు గోత్రం, కూజా, డెబ్బైమంది. ఇప్పుడు తెలిసిందండి” అనెను. ఆ తరువాతి ఆదివారము ఇరువదియు సరిగా వ్రాసిన ఒక యువకుని కూజా ఎవరని అడుగగా, అట్టి పేరు బైబిలులో లేదనెను.

కాబట్టి పోయినది ఒక పుస్తకపు బహుమానము మాత్రమే కాదు. కష్టపడి చదివిన బిడ్డను కన్నతల్లియే పిచ్చిదన్నది. చూచి వ్రాసిన తొమ్మిదిమందిలో ఎవడును ఆ పిల్లకు కీడు చేయవలెనని తలంచియుండడు. వారి కండ్లకు ఫోను తెర కనబడెను గాని ఆ పిల్ల కనబడలేదు. ఎదురెదురుగా కూర్చుండి ఆడిన ఆటలో ఈ పని చేయుటకు వారే సిగ్గుపడియుందురు.

మన చెడుగుడు ఆట జ్ఞాపకము తెచ్చుకొనుడి. కూత పెట్టి అవతలి బరిలోనికి పోయినవాడు మధ్యలో దొంగచాటుగా ఊపిరి తీసికొనెనో లేదో కొన్ని సమయములలో వానికే తెలియును. దాగుడుమూతలలో కండ్లు మూసికొన్న పిల్లవాడు వ్రేళ్ల సందునుండి చూచెనో లేదో వానికే తెలియును. అయినను మన తాతల కాలమునుండి ఈ ఆటలు నడుచుచున్నవి. ఫోను ఆటలోను అట్లు నడుపవచ్చునని చూపినవారున్నారు. అమెరికాలో 1997లో ప్రారంభమైన లెర్న్‌డ్ లీగ్ అను పోటీలో ఆట జరుగు దినమున ఆరు ప్రశ్నలిచ్చెదరు. ఇంటియొద్దనే కూర్చుండి ఇంటర్నెట్‌లో జవాబులు పంపవలెను. ప్రశ్నకు ఇన్ని క్షణములని గడియారము లేదు, కావలివాడును లేడు, వెదకుట మాత్రము నిషిద్ధము. ప్రతి ఆటలో ఒక్కొక్కనికి ఎదురుగా ఒక్కడుండును గనుక, చూచి వ్రాసినవాడు తాను ఎవనిని ఓడించెనో పేరుతో సహా ఎరుగును. ఈ ఏర్పాటు నాకు నచ్చినది. మన క్విజ్‌లలోను ఇద్దరిద్దరిని జతచేసి ఆడించిన బాగుండును.

తెలియనిదానికి సహాయము పొందినవాడు ఏమి చేయవలెనో దానియేలు చూపెను. రాజు కల అతనికి తెలియదు. గడువు అడిగెను, స్నేహితులతో కలిసి ప్రార్థించెను, జవాబు పొందెను. నెబుకద్నెజరు ఎదుట నిలిచినప్పుడు ఇది తన జ్ఞానమువలన తెలియలేదని మొదటనే ఒప్పుకొనెను. ప్రాణములు పోవు సమయములోనే అతడు ఇంత దాపరికములేక మాటలాడగా, స్టీలు డబ్బా బహుమానముగా వచ్చు ఆటలో మనము దాచుట ఏల? చూచినయెడల “ఇది చూచి వ్రాసితిని” అని వ్రాయుడి. మార్కు పోవును, అంతే.

క్విజ్ పెట్టు పెద్దలకు కూడ ఒక మాట. నియమము వ్రాయక విడిచి, తరువాత పిల్లలను దొంగలనుట అన్యాయము. చూడవచ్చునో కూడదో మొదటి వరుసలోనే వ్రాయుడి. కొందరు గడువు తగ్గించుట ఉపాయమనుకొందురు. 2017లో అమెరికాలో వచ్చిన హెచ్‌క్యూ ట్రివియా అను ఫోను ఆటలో ప్రశ్నకు 10 సెకనులే ఉండెడివి. పట్టణపు పిల్లలకు అది సరిపోవునేమో గాని, సిగ్నల్ సరిగా అందని మన ఊళ్లలో, అక్షరములు కూడబలుకుకొని చదువు అవ్వలకు అది శిక్ష. దానికంటె మొదటి దశ ఫోనులో పెట్టి, కడపటి దశ ఆలయములో నోటితో అడుగుట మేలు.

చూచి వ్రాయుటకే వేరుగా ఒక క్విజ్ పెట్టుడి. అందులో వెదకుటయే పరీక్ష. ఫోను చెప్పిన జవాబెల్ల గ్రంథములో ఉన్నదనుకొనకుడి. జ్ఞానులు ముగ్గురని కేరళ్‌లలోను క్రిస్మస్ నాటకములలోను ఉన్నది గాని మత్తయి లెక్క చెప్పలేదు. ఈ నెల కూటములలో గ్రంథము తెరచియుంచుకొని ఈ రెండు ప్రశ్నలు వెదకుడి. దమస్కు మార్గమున సౌలు గుఱ్ఱముమీదనుండి పడెనని అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయములో ఎక్కడ నున్నది? నోవహు ఓడలోనికి పవిత్ర జంతువులు ఎన్నెన్ని ఎక్కెను? జవాబుతోకూడ ఏ వచనములో చూచితిరో అదియు వ్రాసి తీసికొనిరండి.