డబ్బా వెనక చూసినవా చెల్లే?

ఏం చెల్లే, పిల్లలను ఈతకు పంపుతున్ననని చెప్పినవ్, మంచి పని చేసినవ్. మనకైతే నడుముకు సొరకాయ బుర్ర కట్టి బాయిల దూకిచ్చిన్రు. ఇప్పుడు బాయిలు ఏడున్నయ్? బాలసముద్రంల కార్పొరేషన్ పూల్‌కో, ఊరవతల ఫాంహౌస్‌లకో పోతున్నరు. గేటు కాడనే వాసన గుప్పుమంటే "క్లోరిన్ దండిగ ఏసిన్రు, నీళ్లు శుభ్రమే" అనుకుంటం గదా? ఆ వాసన ఒట్టి క్లోరిన్‌ది కాదు. చెమట, పిల్లలు నీళ్లల్లనే పోసే ఉచ్చ క్లోరిన్‌తోని కలిసి క్లోరమైన్లు అయితయ్. కండ్లు ఎర్రబడేది ఎక్కువగ వాటితోనే. తానం చేసినంకనే దిగమనేది అందుకే.

అసలు ముచ్చట వేరే ఉన్నది. నీళ్లల్ల తేలే ప్లాస్టిక్ డబ్బాల తెల్లటి బిళ్లలు పెడ్తరు చూడు, సబ్బుబిళ్ల అంత మందంగ, ఒక్కోటి 200 గ్రాములు. ఆ బిళ్లలు అమ్మే డబ్బా మీద "టీసీసీఏ 90" అని ఉంటది. అంటే ట్రైక్లోరో ఐసోసయన్యూరిక్ ఆమ్లం. ఎండకు ఒట్టి క్లోరిన్ నిలువదు, మిట్టమధ్యాహ్నం గంట తిరిగేసరికి సగానికి పైగ పోతది. అందుకే దాన్ని సయన్యూరిక్ ఆమ్లంతోని జోడించి అమ్ముతరు. అది క్లోరిన్‌ను ఎండ నుంచి కాపాడుతది. మన ఓరుగల్లు మే నెల ఎండకు అది లేకుంటే నడువదు, కాదనను.

కాని క్లోరిన్ తన పని తాను చేసుకొని పోతది, ఆ ఆమ్లం మాత్రం నీళ్లల్లనే ఉండిపోతది. 200 గ్రాముల బిళ్ల కరిగితే దగ్గరదగ్గర 110 గ్రాములు అదే మిగులుతది. 50 వేల లీటర్ల పూల్‌ల రోజుకో బిళ్ల ఏసిన్రనుకో, మూడు వారాలల్ల లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటుతది. 30 నుంచి 50 దాకా మంచిదే. వంద దాటితే క్లోరిన్‌ను గట్టిగ పట్టుకొని పని చెయ్యనియ్యదు. క్లోరిన్ చూసే చుక్కల మందు ఏస్తే పసుపు రంగు బాగనే వస్తది, నీళ్లు మాత్రం పాచి పడ్తనే ఉంటయ్.

"రోజూ కొత్త నీళ్లు పోస్తనే ఉన్నం అక్కా" అంటరు పూల్ కాడోళ్లు. ఎండకు ఆవిరయ్యేది నీళ్లే, ఆమ్లం కాదు. తగ్గిన కాడికి నింపితే ఏం లాభం? కొంత నీళ్లు తీసేసి నింపాలె. ఆమ్లం ఎంతున్నదో చూసే పరీక్ష వేరే ఉన్నది: అడుగున నల్ల చుక్క ఉన్న గొట్టంల, మందు కలిపి తెల్లగ మసకబారిన నీళ్లు పోసుకుంట పోతరు. చుక్క కనబడకుండ అయిన కాడ గీత చూస్తరు. ఎంత తొందరగ మాయమైతే అంత ఆమ్లమున్నట్టు.

ఇంకోటి, "మల్టీ యాక్షన్" అని రాసిన బిళ్లలల్ల కొన్నిట్ల పటిక, మైలుతుత్తం గూడ కలుపుతరు. పటికతోని మురికి అడుగున పడ్తది. మైలుతుత్తం మన రైతులు తోటలకు కొట్టేదే, పాచిని చంపుతది. అండ్ల ఉన్న రాగితోనే జుట్టు కొసలకు పచ్చ రంగెక్కుతది, పాపం నింద మాత్రం క్లోరిన్‌కే. దిగేముందు జుట్టును మంచినీళ్లతోని తడిపితే పూల్ నీళ్లు తక్కువ పీలుస్తది.

ఆమ్లం వద్దనుకునేటోళ్లు కాల్షియం హైపోక్లోరైట్ ఏస్తరు. దాంట్ల ఈ తంటా లేదు, కాని మన బోరునీళ్లకు ఇంక సున్నం కలిసి టైల్స్ మీద తెల్లగ పేరుకుంటది. ఒక్కటి మాత్రం ఫాంహౌస్ నడిపే మీ మరిదికి గట్టిగ చెప్పు: ఆ పొడిని, టీసీసీఏ బిళ్లలను ఒక్క డబ్బాల పెట్టొద్దు, ఒక్క చెంచాతోని తీయొద్దు. కొంచెం తడి తగిలినా వేడెక్కి మంటలు లేస్తయ్, విషవాయువు వస్తది.


పిల్లలను తోల్కపోయినప్పుడు నువ్వు గూడ అడుగు, నీళ్లు ఎప్పుడు నింపిన్రని కాదు, ఎప్పుడు తీసిన్రని.