ఆ మాత్రల డబ్బా తీసి అవతల పెట్టు

గుంటూరు

వంశీ,

నీకు 24 గంటల నొప్పి ఆపరేషన్ అయిన సంగతి నాకు ఎవరు చెప్పారో తెలుసా? మన వీధి చివర బ్లౌజులు కుట్టే ఆవిడ. ఆవిడ అక్క కొడుకు కూడా జర్మనీలో మాగ్డెబుర్గ్‌లోనే చదువుతున్నాడట, నీ హాస్టల్లోనే ఉంటాడట. “మీ మనవడికి పొట్ట కోశారటగా, ఎలా ఉన్నాడు?” అని నడిరోడ్డు మీద నిలేసింది. నాకు తెలియదని చెప్పడానికి నామోషీ. “ఆ, లేచి తిరుగుతున్నాడు” అని అప్పటికి ఏదో అనేసి, ఇంటికొచ్చి మీ అమ్మకు ఫోన్ చేశాను. జన్మంతా ఆసుపత్రిలో తెల్లబట్టలు కట్టుకు తిరిగినదాన్ని, ఇంట్లో పిల్లాడి కడుపు కోస్తే అందరికన్నా ఆఖరున తెలిసేది నాకా! సర్లే, అది నువ్వు వచ్చినప్పుడు తేల్చుకుందాం. నువ్వు మీ అమ్మకు రాసిన పెద్ద ఈమెయిలు ప్రింటు తీయించి తెప్పించుకుని చదివాను.

కుట్ల దగ్గర ఎర్రగా లేదు కదా? చీము, నీరు కారడం లేదు కదా? జ్వరం చూసుకుంటున్నావా? ముందు వీటికి జవాబు రాసి, తర్వాత కింద చదువు.

ఎమర్జెన్సీలో గంటల తరబడి కూర్చోబెట్టారు, నా తర్వాత వచ్చినవాళ్లను ముందు లోపలికి తీసుకుపోయారు, ఇదేం దేశం అని రాశావు. నీకది అన్యాయంగా కనిపించింది. నాకు పద్ధతిగానే ఉంది. రాగానే ఒక నర్సు నాడి, బీపీ, జ్వరం చూసి, నాలుగు ప్రశ్నలడిగి, నీకొక రంగు వేస్తుంది: ఎరుపు, నారింజ, పసుపు, పచ్చ, నీలం. అక్కడ చాలా ఆసుపత్రుల్లో వాడే ఈ లెక్క ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో పుట్టింది. ఎవరు ముందొచ్చారని చూడరు, ఎవరు ముందు పోయేలా ఉన్నారని చూస్తారు. ఇక్కడైతే మీ బాబాయి తెలిసిన డాక్టరు పేరు చెప్పుకుని లోపలికి దూరిపోయేవాడు. ఆ వెసులుబాటు అక్కడ లేదు, లేకపోవడమే మంచిది.

అయితే నీ రంగు చెడగొట్టుకుంది నువ్వే. నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంతుందని అడిగితే ‘నాలుగు’ అన్నావట! కడుపు పట్టుకుని వంగిపోయి నడిచేవాడు నాలుగేమిట్రా? నాలుగంటే పచ్చరంగు, పచ్చరంగంటే కుర్చీ. మన ఇంటి మగాళ్లకు నొప్పి చెప్పుకోవడం చేతకాదు. మీ తాతయ్యకు తేలు కుట్టి చెయ్యి భుజం దాకా వాచిపోతే “కొంచెం మండుతోందే” అన్నాడు. ఆ నర్సుకు మీ తాతయ్య సంగతి తెలియదు కదా. నువ్వు చెప్పిన అంకె రాసుకుంటుంది, అంతే.

పైగా అంబులెన్స్ పిలిస్తే వేలల్లో బిల్లు వేస్తారని ట్రామెక్కి వెళ్లావట. నీకున్నది ప్రభుత్వ పద్ధతి ఇన్సూరెన్సే కదా. నిజంగా అవసరమై 112కి ఫోన్ చేస్తే నీ చేతినుంచి పడేది మహా అయితే పది యూరోలు. అంత అత్యవసరం కాకపోయినా పొద్దున్నదాకా ఆగలేనిదైతే 116117 ఉంది, డ్యూటీ డాక్టర్ల నంబరు. ఈ రెండూ తలుపు వెనక రాసి అంటించు.

ఇక నాకు రాత్రి నిద్ర పట్టనివ్వని సంగతికొస్తాను. ఆ నాలుగెందుకు నాలుగయిందో నాకు తెలుసు. మీ అమ్మ సర్దిచ్చిన స్టీలు డబ్బా. నొప్పి మొదలైనప్పటినుంచి దాంట్లోవి మింగుతూ కూర్చున్నావని ఈమెయిల్లో ఒక మూల చిన్నగా రాసి తప్పించుకోబోయావు. ఆ డబ్బాలో ఏమున్నాయో నన్నడుగు, చూడకుండా చెప్తాను: జ్వరానికి పారాసిటమాల్ 650లు, ఒళ్లునొప్పులకు ఇంకేదో, గ్యాస్ మాత్రలు, విరేచనాలకు, జలుబుకు, పైన రెండు మూడు స్ట్రిప్పులు యాంటీబయాటిక్. ప్రతి ఇంటినుంచీ అమెరికా, జర్మనీ పోయే ప్రతి సూటుకేసులోనూ ఇదే డబ్బా. పచ్చళ్ల సీసాకైనా మూత మీద పేరు రాస్తారు గానీ దీనికి అదీ ఉండదు. అడ్డంగా కత్తిరించిన స్ట్రిప్పు ముక్కలు. మందు పేరు సగం, గడువు తేదీ ఇంకో ముక్కతో పోయి ఉంటుంది.

అక్కడ పారాసిటమాల్ ఒక డబ్బీలో మొత్తం పది గ్రాములు దాటితే, అంటే 500వి ఇరవై దాటితే, చీటీ లేకుండా అమ్మరు. 2009 నుంచీ అంతే. అమ్మేదీ మందుల షాపులోనే, సూపర్ మార్కెట్లో కాదు. పిసినారితనం కాదు నాయనా, అది లివర్ భయం. జలుబు మాత్రలోనూ అదే మందు, ఒళ్లునొప్పుల మాత్రలోనూ చాలాసార్లు అదే మందు, మనవాళ్లు వేరువేరనుకుని మూడూ వేసేస్తారు. ఇబుప్రొఫెన్ 400 అడిగితే ఇస్తారు, 600కు డాక్టరు చీటీ కావాలి. యాంటీబయాటిక్ సంగతి సరేసరి. డాక్టరు రాయకుండా ఎవరూ ఇవ్వరు, డాక్టరు అంత తేలిగ్గా రాయడు. “జ్వరమని పోతే టీ తాగి పడుకో అన్నాడు” అని మీరంతా నవ్వుకుంటారు. నాకు ఆ డాక్టరు మీద గౌరవం కలిగింది.

నేను డ్యూటీలో చేరిన కొత్తల్లో ప్రత్తిపాడు వైపునుంచి ఒక రైతును ఎడ్లబండిలో తీసుకొచ్చారు. మిరప కోతల రోజులు. నొప్పి వచ్చినప్పుడల్లా ఆర్‌ఎంపీ సూదితో, మాత్రలతో అణిచి, కోతలయ్యేదాకా నెట్టుకొచ్చాడు. దారిలో నొప్పి ఉన్నట్టుండి తగ్గిపోయిందట, ఇంక ఆసుపత్రెందుకు బండి తిప్పమని ఒకటే గొడవ. ఆ మాట చెవిన పడగానే మా సర్జను తాగుతున్న కాఫీ బల్లమీద పెట్టేసి థియేటర్ సిద్ధం చేయమన్నాడు. అపెండిక్స్ పగిలినప్పుడు కాసేపు అలాగే హాయిగా ఉంటుంది. అసలు గండం అప్పుడే. బతికాడులే. ఆయన భార్య మంచం కింద చాప వేసుకుని వార్డులోనే కాపురం పెట్టింది. ఇంటికెళ్లాక ఒక గోనెడు ఎండుమిరపకాయలు తెచ్చి మా హాస్టల్ వరండాలో దింపి పోయారు. వార్డెనమ్మ తుమ్ములు గేటు దాకా వినపడేవి. ఏదో చెప్తూ ఎక్కడికో పోయాను. నీకు పగల్లేదు. అది నీ అదృష్టం, మాత్రల గొప్పతనం కాదు.

ఇప్పుడు మీ అమ్మ ఏం చేస్తోందో చెప్పనా? ఇంకో డబ్బా కొరియర్లో పంపడానికి సిద్ధమవుతోంది, గోంగూర పచ్చడి పక్కన దోపి. నువ్వు విమానంలో నీ వాడకానికి సరిపడా తెచ్చుకోవచ్చు గానీ, మన దేశంనుంచి పోస్టులోనో కొరియర్లోనో మందులు తెప్పించుకోవడం అక్కడి చట్టం ఒప్పుకోదు. కస్టమ్స్‌వాళ్లు ఆపేస్తారు. మీ అమ్మకు నేను చెప్తే “నువ్వెప్పుడూ ఇంతే పిన్నీ” అంటుంది. నువ్వు చెప్పు. నీ దగ్గరున్నవి కూడా వేరుచేసి, గడువు దాటినవీ పేరు లేనివీ పారేయి. మిగిలిన వాటి లోపలి మందు పేరు ఒక కాగితం మీద రాసుకో. మన బ్రాండు పేర్లు అక్కడ ఎవరికీ తెలియవు. ఆ కాగితం మీదే పెద్ద అక్షరాలతో సల్ఫా అని రాయి. నాలుగో తరగతిలో నీకు సల్ఫా పడక ఒళ్లంతా దద్దుర్లొచ్చి, రాత్రంతా నా ఒళ్లో కూర్చుని గోక్కున్నావు. నీకు గుర్తుండదు, నాకుంది. అక్కడ అలర్జీ ఉన్నవాళ్లకు చిన్న అలర్జీ పాస్ రాసిస్తారు. అడిగి తీసుకుని పర్సులో పెట్టుకో.

డ్రిప్పులో నొవాల్జిన్ ఇచ్చారని రాశావు. పేరు చూడగానే పాత చుట్టం కనపడినట్టయింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని హెక్స్ట్ కంపెనీ తెచ్చింది అది, 1922 నుంచీ ఉంది. అమెరికావాళ్లు 1977లోనే మానేశారు. మన దగ్గర 2013లో ఆపి, మరుసటి ఏడే షరతులతో వదిలారు. జర్మనీలో మాత్రం ఆపరేషన్ అయినవాళ్లకు ఇప్పటికీ మామూలుగా ఇస్తారు. మంచి మందే. అరుదుగా మాత్రం తెల్లకణాలను పడగొడుతుంది. ఇంటికి కూడా చుక్కలో మాత్రలో ఇచ్చి ఉంటే, గొంతు నొప్పి, జ్వరం, నోట్లో పుళ్లు కనపడ్డ క్షణాన ఆపేసి డాక్టరు దగ్గరకు పో. రేపు చూద్దాం అనకు.

చూడు, మళ్లీ మాత్రల దగ్గరే ఉన్నాను.

సాయంత్రం ఐదున్నరకే రెండు రొట్టె ముక్కలు, చీజు, ఊరేసిన కీర దోసకాయ, పుదీనా టీ పెట్టి పొమ్మన్నారని చదివినప్పుడు మాత్రం కడుపు తరుక్కుపోయింది. పక్కన ఒక్క మనిషి లేడు. వేడివేడి చారన్నం కలిపి పెట్టేవాళ్లు లేరు. కానీ ఆపరేషన్ అయిన సాయంత్రమే లేపి నడిపించారని వాళ్లను దయలేనివాళ్లు అన్నావే, దానికి ఒప్పుకోను. కాళ్లకు ఆ బిగుతు తెల్ల మేజోళ్లు, పొట్టమీద చిన్న సూది, ఆ నడక, మూడూ ఒకందుకే: కాళ్లలో రక్తం గడ్డకట్టకూడదని.

మగ నర్సు ఒళ్లు తుడిస్తే సిగ్గేసిందా? అక్కడ అదీ నర్సు పనే. నేను శిక్షణలో ఉన్నప్పుడు నా గదిలో ఒక కొట్టాయం పిల్ల ఉండేది. కేరళనుంచి 1960లనుంచే చర్చిల ద్వారా ఆడపిల్లలు నర్సు పనికి జర్మనీ వెళ్లేవాళ్లు. తనూ 1970ల మొదట్లో వెళ్లింది. మొదటి ఉత్తరంలోనే “ఇక్కడ రోగి వెంట ఎవరూ రారు, స్నానం, తిండి, దువ్వెన అన్నీ మనమే” అని ఏడ్చింది. తర్వాత అలవాటైపోయింది. ఆ దశాబ్దం చివర్లో కొన్ని రాష్ట్రాలు పర్మిట్లు పొడిగించక చాలామందిని వెనక్కి పంపాయి. ఇప్పుడేమో తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ నేర్పి మరీ పంపుతోంది. నన్నూ రమ్మంది ఆ పిల్ల. ఎందుకు వెళ్లలేదో మీ అమ్మమ్మకు తెలుసు, అడక్కు.

మన ఆసుపత్రి వేరు. మిషన్ డాక్టర్ అనా కుగ్లర్ 1898లో ఇక్కడ ఆసుపత్రి తెరిచాక, ఏలూరు రాజావారు దాని ఎదుట రోగుల బంధువులకోసం సత్రం కట్టించారు. మనవాళ్లకు రోగి అంటే వెంట వచ్చిన జనంతో సహా. సగం నర్సు పని వాళ్లే చేస్తారు: నొప్పి వాళ్లే చెప్తారు, పడని మందు వాళ్లే చెప్తారు, డాక్టరు వెంట వాళ్లే పరిగెత్తుతారు. అక్కడ ఆ సగం నీ నోటితో, నీ కాగితంతో నువ్వే చేసుకోవాలి. రౌండ్సుకు వచ్చిన డాక్టరు గబగబా ఏదో చెప్పి పోయాడు, నేను తలూపాను అని రాశావు. ఎందుకూపావు? 2013లో వాళ్లు రోగుల హక్కులకు చట్టమే చేసుకున్నారు. ఆపరేషన్‌కు ముందు నీకు అర్థమయ్యేలా నోటితో చెప్పాకే సంతకం తీసుకోవాలి. నీ ఫైలు చూసే హక్కు నీకుంది. అర్థం కాలేదని చెప్పడానికి బిడియమెందుకు? 2023-24 శీతాకాలం సెమిస్టరులో మన దేశం పిల్లలు అక్కడ 49 వేల పైన ఉన్నారట. జర్మన్ బాగా వచ్చినవాణ్ణి ఒకణ్ణి వెంట తీసుకుపోలేకపోయావా?

మీ అమ్మ ఆసుపత్రికి ఫోన్ చేస్తే ఏమీ చెప్పలేదని రెండు రోజులు అన్నం మానేసింది. వాళ్ల తప్పు కాదు. పద్దెనిమిది నిండినవాడి సంగతి వాడి అనుమతి లేకుండా కన్నతల్లికీ చెప్పరు. పెళ్లయితే భార్యకు కొంత హక్కు 2023 జనవరినుంచి ఇచ్చారు, అదీ ఆర్నెల్లే. నీకింకా పెళ్లి కాలేదు. (ఆ విషయం ఇంకో ఉత్తరంలో.) అందుకే నువ్వు స్పృహలో లేకపోతే నీ తరఫున ఎవరు మాట్లాడాలో, ఎవరికి చెప్పాలో రాసిపెట్టే పత్రం ఒకటుంది. నమూనా జర్మనీ న్యాయశాఖే ఉచితంగా ఇస్తుంది. అక్కడున్న స్నేహితుడి పేరొకటి, మీ అమ్మ పేరొకటి రాసి సంతకం పెట్టు. ఎందుకంటున్నానంటే, 2024 డిసెంబరులో మీ ఊరి క్రిస్మస్ బజారులో ఒకడు జనంమీదికి కారు తోలినప్పుడు మనవాళ్లు ఏడుగురు గాయపడ్డారని టీవీలో చెప్పారు. తెల్లవారేదాకా నీ ఫోన్ మోగలేదు. నేనూ మీ అమ్మమ్మా ఆ రాత్రి మాట్లాడుకోలేదు.

డబ్బు సంగతికి దిగులుపడకు. ఆసుపత్రిలో ఉన్న రోజుకు పది యూరోలే నీ వంతు, ఏడాదిలో 28 రోజులకు మించి అడగరు. బిస్మార్క్ ఈ ఇన్సూరెన్సు చట్టం తెచ్చింది 1883లో. కుగ్లరమ్మ గుంటూరులో దిగిందీ ఆ ఏడే. చౌకగా వస్తుందని దీన్ని వదిలి ప్రైవేటుకు మారకు. మారితే చదువయ్యేదాకా వెనక్కి రావడం కష్టం. ముప్ఫై దాటిన నీ రూమ్మేటుకు విద్యార్థి రేటు ఉండదు, వాణ్ణీ కనుక్కోమను.

ఒళ్లు కుదుటపడ్డాక ఒక ఆదివారం రైలెక్కి హెల్మ్‌స్టెట్ వెళ్లి రా, మీకు దగ్గరే. 1842లో గుంటూరొచ్చిన మిషనరీ హయ్యర్ దొర పుట్టిన ఊరు అది. యాభై దాటాక వైద్యం చదివి పట్టా పుచ్చుకున్నాడా మహానుభావుడు. వీధులెలా ఉన్నాయో నాకు రాయి.

డిశ్చార్జి ఉత్తరం మీ ఇంటి డాక్టరుకు చూపించావా? నాకూ ఒక ఫోటో పంపు, జర్మన్ రాకపోయినా మందుల పేర్లు చదువుకుంటాను. ఆ ఆరు నీళ్ల సీసాల కట్ట సూపర్ మార్కెట్‌నుంచి నాలుగో అంతస్తుకు మోసుకొస్తానని ఎప్పుడో చెప్పావు. డాక్టరు సరేననేదాకా దాన్ని ముట్టుకోవద్దు. అక్కడ కుళాయి నీళ్లు నిక్షేపంలాంటివి, అవే తాగు. బ్లౌజులావిడ అక్క కొడుకును బియ్యం తెచ్చి పెట్టమన్నాను, తెస్తే నిజంగానే తెచ్చాడని నాకు చెప్పు.

మీ చిన్నమ్మమ్మ