ఇంటి ప్లాను గీసే విద్యార్థులకు: ఆటోక్యాడ్‌లో వచ్చే చిక్కులు, వాటి సవరణలు

సివిల్ డిప్లొమా, ఐ.టి.ఐ. డ్రాఫ్ట్స్‌మన్ ట్రేడు, ఇంటీరియర్ డిజైన్ చదువుతున్న మన ఉపకారవేతన విద్యార్థులకు ఆటోక్యాడ్ కొత్త కాదు. లైను, ఆఫ్‌సెట్, ట్రిమ్ వంటి కమాండ్లు కాలేజీలోనే నేర్పుతారు. కాని ల్యాబులో గీసిన గదిని ఎవరూ కట్టరు. చుట్టాలో, ఇరుగుపొరుగువారో "బాబూ, మా సైటుకు ఒక ప్లాను గీసిపెట్టు" అని అడిగిన రోజున అసలు పరీక్ష మొదలవుతుంది. ఆ కాగితాన్ని చూసి మేస్త్రి దారం కడతాడు. అక్కడ తప్పు జరిగితే పోయేది మార్కులు కాదు, ఒకరు కష్టపడి కూడబెట్టిన డబ్బు.

నా దగ్గరకు ప్రాక్టీసుకు వచ్చే ఒక కుర్రవాడి సంగతి చెబుతాను. వాళ్ల మేనమామకు 30×40 అడుగుల సైటు ఉంది. రెండు పక్కలా 3 అడుగుల చొప్పున వదిలి 24 అడుగుల వెడల్పుతో ఇల్లు గీశాడు. బయటి గోడలు రెండు, నడిమి గోడ ఒకటి, మూడూ 9 అంగుళాలవే. ఒక గది వెడల్పు 10 అడుగుల 11 అంగుళాలు కావాలి. డ్రాయింగు డెసిమల్ యూనిట్లలో ఉంది, ఒక యూనిట్ అంటే ఒక అడుగు అని అతని లెక్క. అందుకని 10.11 అని కొట్టాడు. ప్రింటులో కూడా 10.11 అనే వచ్చింది. ఎవరికీ అనుమానం రాలేదు. మార్కింగ్ రోజు మేస్త్రి రెండో గది కొలత చూసి ఆగిపోయాడు. అక్కడ 11.64 అని ఉంది. "పదకొండు అడుగుల అరవై నాలుగు అంగుళాలు ఎక్కడైనా ఉంటుందా సారూ?" అని అడిగాడట. ఇంకా పునాది తవ్వలేదు కాబట్టి సరిపోయింది.

ఇందులో జరిగింది ఏమిటో అర్థం చేసుకోండి. 10.11 అడుగులు అంటే 10 అడుగుల 11 అంగుళాలు కాదు. 10 అడుగుల ఒకటింబావు అంగుళం, ఇంకో నలుసు. అంటే గది 9.68 అంగుళాలు తగ్గింది, దాదాపు ఒక గోడ మందం. ఆ తగ్గినదంతా రెండో గదికి చేరింది. 10 అడుగుల 10 అంగుళాలు ఉండవలసిన ఆ గది 11 అడుగుల ఏడున్నర అంగుళాలు దాటింది. ఇంకా మోసపుచ్చే సంగతి మరొకటి ఉంది. కంప్యూటరుకు 9.1, 9.10 రెండూ ఒకటే. మేస్త్రికి అవి తొమ్మిది అడుగుల ఒక అంగుళం, తొమ్మిది అడుగుల పది అంగుళాలు. చుక్క పెట్టి అడుగులు, అంగుళాలు రాసే అలవాటు చిత్తుకాగితం మీదనైనా మానుకోండి.

దీనికి సవరణ మొదటి నిమిషంలోనే చేయాలి. కొత్త డ్రాయింగు తెరవగానే యూనిట్స్ కమాండు ఇచ్చి ఆర్కిటెక్చరల్ ఎంచుకోండి. ఇందులో యూనిట్ అంటే అంగుళం. ఊరికే 10 అని కొడితే పది అంగుళాలు వస్తుంది. 10' అని కొడితే పది అడుగులు. 10'11 అని కొడితే పది అడుగుల పదకొండు అంగుళాలు. అర అంగుళం కావాలంటే 10'6-1/2 అని కొట్టాలి, మధ్యలో స్పేస్ ఇవ్వకూడదు. స్పేస్ ఇస్తే ఎంటర్ నొక్కినట్టే.

అప్పటికే డెసిమల్ అడుగుల్లో గీసిన డ్రాయింగును మార్చాలంటే యూనిట్స్ మార్చినంత మాత్రాన చాలదు. అది అంకె కనిపించే తీరును మారుస్తుంది గాని గీతను మార్చదు. 24 యూనిట్ల ఇల్లు 2'-0" అని కనిపిస్తుంది. అంతా సెలెక్టు చేసి స్కేల్ కమాండుతో 12 రెట్లు పెంచాలి. మిల్లీమీటర్లలో ఉన్న డ్రాయింగును అంగుళాల్లోకి తేవాలంటే స్కేల్‌లో రిఫరెన్స్ ఆప్షను తీసుకుని, మొదట 25.4, తరువాత 1 ఇవ్వండి. స్నేహితుడు పంపిన మంచం, సోఫా బ్లాకులు మీ ఇంటికంటే పెద్దవిగా వచ్చి పడ్డాయంటే సాధారణంగా కారణం ఇదే. మార్చిన తరువాత తెలిసిన కొలత ఒకదాన్ని డిస్టెన్స్ కమాండుతో చూసుకోండి. 9 అంగుళాల గోడ 9 అంగుళాలే చూపాలి.

అంకెను దిద్దవద్దు, గోడను దిద్దండి

పైదానికంటే ప్రమాదమైన అలవాటు ఇంకొకటి ఉంది. ఇది చేతులారా చేసేది. డైమెన్షను వేస్తే 10'-10 3/4" అని వస్తుంది. చూడడానికి బాగా లేదని దాని మీద డబుల్ క్లిక్ చేసి 10'-11" అని టైపు చేస్తారు. ఆ క్షణం నుంచి ఆ డైమెన్షను కొలవడం మానేస్తుంది. రేపు గోడ రెండు అడుగులు జరిపినా అది 10'-11" అనే చెబుతుంది. అలా నాలుగైదు చోట్ల చేస్తే విడివిడి కొలతల మొత్తం బయటి కొలతతో కలవదు. ఇతరుల డ్రాయింగు మీ చేతికి వస్తే ప్రాపర్టీస్ తెరిచి, అనుమానమున్న డైమెన్షనులో టెక్స్ట్ ఓవర్‌రైడ్ అనే గడి చూడండి. అందులో ఏదైనా రాసి ఉంటే చెరిపేయండి, అసలు కొలత బయటపడుతుంది. గోడ నిజంగా పావు అంగుళం తక్కువగా ఉంటే స్ట్రెచ్ కమాండుతో గోడనే జరపాలి. అంత సూక్ష్మం అక్కరలేదంటే డైమెన్షన్ స్టైల్‌లో ప్రెసిషన్ తగ్గించవచ్చు, అది వేరే సంగతి.

లోపలి కొలతలు, గోడల మందాలు అన్నీ కాగితం మీద చేత్తో కూడి బయటి కొలతతో సరిచూసే పని ఎంత అనుభవం వచ్చినా మానకండి. పైన చెప్పిన ఇంట్లో 10'11", 10'10", మూడు గోడలకు 2'3". మొత్తం 24 అడుగులు. రెండు నిమిషాల పని.

మెట్ల విషయంలో సాఫ్ట్‌వేరు మనల్ని అసలు హెచ్చరించదు. అడుగున్నర పొడవు తక్కువగా గీసినా మారుమాట్లాడకుండా గీసిపెడుతుంది. అంతస్తు ఎత్తు 10 అడుగులు, మెట్టు ఎత్తు 6 అంగుళాలు అనుకుంటే 20 ఎత్తులు వస్తాయి. మధ్యలో తిరిగే మెట్లయితే ఒక్కో వరుసకు 10 ఎత్తులు, 9 నడకలు. నడక 10 అంగుళాలైతే ఒక వరుస పొడవు 7'6", దానికి 3 అడుగుల ల్యాండింగు కలిపితే 10'6". ఇది లేకుండా 8 అడుగుల గదిలో మెట్లు ఇరికించిన ప్లానులు నేను చాలా చూశాను. మెట్ల గది ముందు గీసి, తరువాత మిగతా గదులు సర్దుకోవడం మేలు.

ప్రింటు దగ్గర

తెర మీద అంతా సరిగా ఉండి కాగితం మీద చెడిపోవడం మామూలే. ఎక్కువమంది చేసే పొరపాటు ఫిట్ టు పేపర్ టిక్కు పెట్టి ప్రింటు ఇవ్వడం. బొమ్మ కాగితం నిండా అందంగా వస్తుంది కాని దానికి ఏ స్కేలూ ఉండదు. మేస్త్రులు రాయని కొలతను కాగితం మీద స్కేలుబద్ద పెట్టి తీస్తారు. అంగుళాల్లో గీసిన ప్లానుకు లేఅవుట్‌లో పేపరు యూనిట్‌ను అంగుళాలుగానే ఉంచి, వ్యూపోర్టుకు 1/4"=1'-0" ఇచ్చి లాక్ చేయండి. ప్లాటు స్కేలు 1:1 ఉండాలి. ఈ లెక్కన 30×40 సైటు కాగితం మీద ఏడున్నర అంగుళాలు × 10 అంగుళాలు వస్తుంది. ఏ4లో బొమ్మ పడుతుంది గాని కొలతలకు చోటుండదు, కనుక ఏ3 తీసుకోండి. కాగితం మీద అక్షరం 1/8 అంగుళం కనబడాలంటే మోడల్‌లో 6 అంగుళాల ఎత్తున రాయాలి, ఎందుకంటే ఈ స్కేలు 1:48.

ప్లాను కింద 10 అడుగుల గీత ఒకటి గీసి ఉంచడం నా పద్ధతి. ప్రింటు రాగానే బద్దతో కొలిస్తే అది రెండున్నర అంగుళాలు ఉండాలి. లేదంటే ఎక్కడో ఫిట్ పడినట్టు. జిరాక్సు షాపులో పీడీఎఫ్ నుంచి ప్రింటు తీసేటప్పుడు కూడా యాక్చువల్ సైజ్ పెట్టమని నిలబడి చెప్పండి.

తెర మీద కనిపించే గోడ ప్రింటులో రాకపోతే దాని లేయరు చూడండి. డెఫ్‌పాయింట్స్ అనే లేయరు డైమెన్షను వేయగానే దానంతట అదే పుడుతుంది, దాని మీద గీసినది ప్రింటు కాదు. చుక్కల గీత ముద్ద గీతలా కనిపిస్తే ఎల్‌టీస్కేల్ మార్చి రీజెన్ ఇవ్వండి. హాచ్ నిండనంటే గోడ మూలలో సందు ఉందని అర్థం. ఫిలెట్ రేడియస్ 0 పెట్టి ఆ రెండు గీతలను నొక్కితే మూల కలుస్తుంది. మిర్రర్ చేస్తే అక్షరాలు తిరగబడితే మిర్‌టెక్స్ట్ విలువ 0 చేయాలి. ఓపెన్ కొట్టినప్పుడు విండో రాకుండా కింద అక్షరాల్లో అడుగుతోందా? ఫైల్‌డియా 1 చేయండి. కమాండు లైను మాయమైతే కంట్రోల్ 9, టూల్‌బార్లన్నీ మాయమైతే కంట్రోల్ 0. ఈ చిన్న చిక్కులకే ల్యాబుల్లో పిల్లలు సాఫ్ట్‌వేరు మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తుంటారు!

విస్తీర్ణం గురించి ఒక మాట. ఆర్కిటెక్చరల్ యూనిట్లలో ఏరియా కమాండు 30×40 సైటుకు 1,72,800 చదరపు అంగుళాలని చెప్పి, పక్కనే 1,200 చదరపు అడుగులని కూడా చూపుతుంది. అక్కడి నుంచి స్థానిక లెక్కలోకి మార్చేది మనమే. మన కుటుంబాలు నాలుగైదు రాష్ట్రాల్లో ఉన్నాయి, కాబట్టి జాగ్రత్త అవసరం. చెన్నైలో గ్రౌండు అంటే 2,400 చదరపు అడుగులు. కర్ణాటకలో గుంట ఎకరాలో 40వ వంతు, అంటే 1,089 చదరపు అడుగులు. ఒడిశాలో అదే గుంట ఎకరాలో 25వ వంతు, 1,742 చదరపు అడుగులకు పైమాట. బరంపురంలో ఉన్న పెదనాన్న "గుంట స్థలం" అంటే బళ్లారి గుంట అనుకుని ప్లాను గీస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఎవరు ఏ మాట చెప్పినా టేపుతో కొలిచిన నాలుగు భుజాలు, ఒక మూలగీత అడిగి తీసుకోండి. మూలగీత లేకపోతే సైటు వంకర తెలియదు.

ఫైలు పోయినప్పుడు

కరెంటు పోయి కంప్యూటరు ఆగిపోతే కంగారు పడవద్దు. డ్రాయింగు ఉన్న ఫోల్డరులోనే అదే పేరుతో బాక్ అనే ఎక్స్‌టెన్షన్ ఉన్న ఫైలు ఉంటుంది. దాన్ని కాపీ చేసి, కాపీకి ఎక్స్‌టెన్షన్‌ను డీడబ్ల్యూజీగా మార్చి తెరవండి. అది అంతకుముందు సేవ్ చేసిన రూపం. టెంప్ ఫోల్డరులో ఎస్‌వీ డాలర్ ఎక్స్‌టెన్షన్‌తో ఆటోసేవ్ ఫైలు దొరికితే అది ఇంకా తాజాది కావచ్చు. దాని పేరూ అలాగే మార్చాలి. ఆటోసేవ్ మామూలుగా 10 నిమిషాలకు ఒకసారి జరుగుతుంది. సేవ్‌టైమ్ కమాండుతో 5 నిమిషాలు చేసుకోండి. తెరవడానికి మొరాయించే ఫైలుకు రికవర్, తెరిచాక ఆడిట్, చిన్న ఇంటి ప్లాను అకారణంగా బరువెక్కితే పర్జ్.

ఇతరులకు పంపేటప్పుడు సేవ్ యాజ్‌లో 2007 లేక 2010 ఫార్మాటు ఎంచుకోండి. షాపుల్లో పాత వెర్షన్లు ఇంకా నడుస్తున్నాయి, 2018 ఫార్మాటు ఫైలు వాటిలో తెరుచుకోదు. పెన్‌డ్రైవులో డ్రాయింగు పక్కన మీరు పెట్టని ఎకాడ్ డాట్ ఎల్ఎస్‌పీ ఫైలు కనిపిస్తే అనుమానించండి, ఆ రూపంలో వైరసులు తిరుగుతుంటాయి.

సాఫ్ట్‌వేరు కొనలేమని దొంగ కాపీ వేసుకోనక్కరలేదు. విద్యార్థులకు ఆటోడెస్క్ కంపెనీ చదువు రుజువు చూసి ఉచితంగా ఇస్తుంది. అయితే అది నేర్చుకోవడానికే, డబ్బు తీసుకుని చేసే పనికి కాదు. అటువంటి పనికి లిబ్రెక్యాడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఉంది. పాత కంప్యూటర్లలో కూడా నడుస్తుంది, సాదా ఇంటి ప్లానుకు సరిపోతుంది. అది డీడబ్ల్యూజీగా సేవ్ చేయదు, డీఎక్స్‌ఎఫ్‌గా సేవ్ చేస్తుంది. దాన్ని ఆటోక్యాడ్ తెరుస్తుంది. చుట్టాల ఇల్లయినా సరే, స్తంభాలు, ఇనుము లెక్క మీరు రాయకండి. దాన్ని స్ట్రక్చరల్ ఇంజనీరుకు, అనుమతి కోసం పెట్టే ప్లాను మీద సంతకాన్ని రిజిస్టరు అయిన వారికి వదిలి, కొలతలు తప్పని డ్రాయింగు వారి చేతికి ఇవ్వండి.