చట్టం కోసం అడిగినవారు, చట్టాన్ని నిలబెట్టుకున్నవారు
(సభ్యుల అధ్యయన పాఠం)



పాల ధర ఎంత, వెన్నశాతం సరిగా కట్టారా, దాణా ఎప్పుడు వస్తుంది: మన సమావేశాలలో సాధారణంగా వచ్చే ప్రశ్నలు ఇవి. ఇవి అవసరమైనవే. అయితే వీటన్నిటికీ మూలంలో ఇంకొక ప్రశ్న ఉన్నది. సంఘం విషయంలో చివరి మాట ఎవరిది? సభ్యులదా, ప్రభుత్వానిదా? దీనిని తేల్చేది చట్టం. చట్టాన్ని మార్చమని ప్రభుత్వాన్ని అడిగేవారిలో రాజకీయ పక్షాలు, రైతు సంఘాలే గాక విరాళాలతో నడిచే సేవాసంస్థలు కూడా ఉన్నాయి. అవి ఈ పని ఎలా చేస్తాయో, అందువల్ల మనకు కలిగిన మేలు ఏమిటో, మనం ఎక్కడ మెలకువగా ఉండాలో, మన తెలుగునాట జరిగిన ఒక ఉదాహరణ ద్వారా తెలుసుకుందాం.

సేవ వేరు, విధానం వేరు

ఒక దాత మన ఊరిలో పశువైద్య శిబిరం పెట్టించాడనుకుందాం. శిబిరం జరిగినంత కాలం ఆ ఊరికి మేలు. డబ్బు అయిపోతే శిబిరమూ ఆగిపోతుంది. అదే ప్రతి మండలంలోనూ పశువైద్యుడు ఉండేలా ప్రభుత్వ నిర్ణయం వస్తే, ఆ మేలు అన్ని ఊళ్ళకూ అందుతుంది. అందుచేతనే కొన్ని సేవాసంస్థలు తమ ధనాన్ని, శ్రమను విధానాల మార్పు కోసం కూడా వినియోగిస్తాయి. ఇందుకు వారు అనుసరించే మార్గాలు ముఖ్యంగా నాలుగు.

1. ఉన్న చట్టం వల్ల ప్రజలకు కలిగే ఇబ్బందులను ఊరూరా తిరిగి అధ్యయనం చేయడం.
2. ఆ ఇబ్బంది పడేవారిని ఒకచోట చేర్చి చర్చలు జరపడం.
3. కోరే మార్పును చట్టం భాషలో ముసాయిదాగా వ్రాసి అధికారులకు, శాసనసభ్యులకు, అన్ని పక్షాలవారికి వివరించడం.
4. అవసరమైతే న్యాయస్థానానికి వెళ్ళడం.

ఒక హద్దు కూడా ఉన్నది. సేవాసంస్థ ఫలానా పక్షానికి ఓటు వేయమని చెప్పే సంస్థ కారాదు. రాజకీయ స్వభావం గల సంస్థలు విదేశీ విరాళాలు పుచ్చుకోరాదని 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం చెబుతున్నది.

1964 చట్టం క్రింద పరిస్థితి

మన సంఘాలు మొదట 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టం క్రింద రిజిస్టరు అయ్యాయి. ఆ చట్టంలో రిజిస్ట్రారుకు విస్తారమైన అధికారాలు ఉన్నాయి. 34వ సెక్షను క్రింద ఎన్నికైన పాలకవర్గాన్ని రద్దు చేయవచ్చు. అక్రమాలు జరిగినప్పుడు ఇది అవసరమే కావచ్చు. కాని ఎన్నికలు వాయిదా పడుతూ, పర్సన్ ఇన్‌ఛార్జిల పాలన సాగుతూ పోతే సంఘం ఎవరిదో సభ్యుడే మరచిపోతాడు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పాల సంఘానికి తనిఖీకి వెళ్ళాను. పాలకవర్గం లేదు, పర్సన్ ఇన్‌ఛార్జి ఉన్నారు. లెక్కలలో నష్టం కనిపించింది. కారణం ఏమిటని పాలు పోయడానికి వచ్చిన ఒక పెద్దాయనను అడిగాను. ఆయన క్యాను క్రింద పెట్టి, “అయ్యా, సంఘం మాది అంటారు, సంతకం మీ ఆఫీసువారిది. నష్టం ఎందుకు వచ్చిందో మమ్ములను అడిగితే మేమేం చెప్తాం?” అన్నాడు. డిప్లొమా చదువులో సహకార సూత్రాలన్నీ వల్లె వేశాను గాని, ఆయనకు జవాబు చెప్పలేకపోయాను.

సహవికాస చేసిన కృషి

హైదరాబాదులోని సహకార వికాస సంస్థ, అంటే మనవారు ‘సహవికాస’ అని పిలిచే లాభాపేక్ష లేని సంస్థ, ఈ సమస్యనే పట్టుకున్నది. ఆ సంస్థ వరంగల్, కరీంనగర్ ప్రాంతాలలో పొదుపు సంఘాలతోను, రైతు సంఘాలతోను పనిచేస్తూ వచ్చింది. అందువల్ల వారి వాదన సభ్యుల అనుభవం నుండి పుట్టింది. అదే కాలంలో ప్రణాళికా సంఘం నియమించిన చౌదరి బ్రహ్మ ప్రకాశ్ కమిటీ 1991లో ఒక నమూనా సహకార చట్టాన్ని సూచించింది. దానితో ఈ వాదనకు బలం చేకూరింది.

ఇక్కడ వారు ఒక తెలివైన పద్ధతిని అనుసరించారు. 1964 చట్టాన్ని రద్దు చేయమని పట్టుబడితే ప్రభుత్వం ఒప్పుకోవడం కష్టం. ఆ చట్టాన్ని ఉండనిచ్చి, ప్రభుత్వ వాటాధనం తీసుకోని సంఘాల కోసం దాని ప్రక్కనే మరొక చట్టం చేయమని కోరారు. ఇష్టమైన సంఘం అందులో చేరుతుంది, ఇష్టం లేనిది పాత చట్టం క్రిందనే ఉంటుంది. ఎన్.టి. రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా, 1995లో ‘ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం’ వచ్చింది. దీనినే మనం మ్యాక్స్ చట్టం అంటున్నాం. తరువాత బీహారు, కర్ణాటక మొదలైన రాష్ట్రాలు కూడా ఇటువంటి చట్టాలు చేశాయి.

ఈ చట్టం క్రింద సంఘంలో ప్రభుత్వానికి వాటాధనం ఉండదు. బైలాలు, ఎన్నికలు, ఉద్యోగుల నియామకం సంఘం చేతిలోనే ఉంటాయి. మిగులు సభ్యులదైనట్లే లోటు భారం కూడా సభ్యులదే. ములుకనూరులో మహిళలు నడుపుతున్న ‘స్వకృషి’ డెయిరీ ఈ చట్టం క్రింద ఏర్పడినదే. ఈ చట్టం నా శాఖ అధికారాన్ని తగ్గించింది. అయినా ఆ పెద్దాయన అడిగిన ప్రశ్నకు జవాబు ఇందులో ఉన్నదని చెప్పక తప్పదు.

2006లో వచ్చిన పరీక్ష

కొన్ని పాల సంఘాలు, జిల్లా యూనియన్లు 1995 చట్టం క్రిందకు మారాయి. 2006లో రాష్ట్ర ప్రభుత్వం సవరణ తెచ్చి పాల సంఘాలను ఆ చట్టం పరిధి నుండి తొలగించింది. అవి 1964 చట్టం క్రింద రిజిస్టరు అయినట్లే భావించాలన్నది. దీనిపై పాల సంఘాల తరఫువారు హైకోర్టుకు వెళ్ళారు. హైకోర్టు ఆ సవరణను కొట్టివేసింది. 2011 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పునే ఖాయం చేసింది. తమ ఇష్టంతో ఒక చట్టాన్ని ఎంచుకొని ఏర్పడిన సంఘాన్ని సభ్యుల సమ్మతి లేకుండా వేరొక చట్టం క్రిందకు నెట్టడం, రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిన సంఘస్వేచ్ఛకు విరుద్ధమని దీని సారాంశం.

ఇది మనం ముఖ్యంగా గ్రహించవలసిన విషయం. చట్టం రావడానికి సేవాసంస్థ కృషి తోడ్పడింది. కాని దానిని తీసివేయబోయినప్పుడు సంఘాలవారే నిలబడవలసి వచ్చింది. చట్టంతో నిత్యం అవసరం ఉన్నవారు సభ్యులే. సేవాసంస్థ రేపు వేరొక పనికి మళ్ళవచ్చు, దాత విరాళం ఆపివేయవచ్చు. మనం రోజూ రెండు పూటలా పాలు పోయక తప్పదు.

మరొక జాగ్రత్త. ప్రభుత్వ పెత్తనం పోయినంత మాత్రాన సభ్యుల పెత్తనం దానంతటదే రాదు. సభ్యులు సర్వసభ్య సమావేశానికి రాకపోతే ఆ ఖాళీలో నలుగురైదుగురు పెద్దలు కూర్చుంటారు. కొన్ని జిల్లా యూనియన్లు తరువాత ఉత్పత్తిదారుల కంపెనీలుగా మారాయి. అటువంటి పెద్ద నిర్ణయం వచ్చినప్పుడు గ్రామంలో పాలు పోసే సభ్యుడు దానిని ముందుగా తెలుసుకొని, చర్చించి, చేయెత్తాలి.

సేవాసంస్థవారు వచ్చినప్పుడు

మీ తరఫున ప్రభుత్వంతో మాట్లాడతామని ఏ సంస్థవారు వచ్చినా గౌరవంగా కూర్చోబెట్టి ఈ ప్రశ్నలు అడగండి.

1. మీరు కోరే మార్పు ఏమిటి? దానిని తెలుగులో వ్రాసి ఇవ్వగలరా?
2. మీకు ధనం ఎవరిస్తున్నారు? ఈ మార్పు వల్ల వారికి ఏమైనా లాభం ఉన్నదా?
3. మా వంటి సంఘాలు ఎన్నింటితో మాట్లాడారు?
4. మార్పు వచ్చిన తరువాత మా సంఘం మీద పడే బాధ్యతలు ఏమిటి?

జవాబులు తృప్తిగా ఉంటే సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసి మద్దతు ఇవ్వండి. లేకపోతే లేదని మర్యాదగా చెప్పండి.

చర్చకు

అ) మన సంఘం ఏ చట్టం క్రింద రిజిస్టరు అయినది? రిజిస్ట్రేషను పత్రం ఎవరి దగ్గర ఉన్నది?
ఆ) మన బైలాలను చివరిసారి సమావేశంలో చదివి వినిపించినది ఎప్పుడు?
ఇ) క్రిందటి సర్వసభ్య సమావేశానికి సభ్యులలో ఎంతమంది వచ్చారు?

కార్యదర్శులు ఈ పాఠాన్ని వచ్చే నెల సమావేశంలో చదివి వినిపించి, మూడు ప్రశ్నలకు సభ్యులు చెప్పిన జవాబులను మినిట్సు పుస్తకంలో వ్రాయవలసిందిగా కోరుతున్నాను. ఈసారి తనిఖీకి వచ్చినప్పుడు ముందుగా ఆ పేజీయే చూస్తాను.